లారీ మెలిక, ఇంటి బిగువు

పాత చెక్క నిచ్చెనను చెరో కొసా ఇద్దరు పట్టుకుని ఎదురెదురు దిక్కులకు తిప్పితే కిర్రుమంటూ మెలిపడుతుంది, వదలగానే సర్దుకుంటుంది. అదే నిచ్చెన మీద బట్టల బీరువాను పడుకోబెట్టి, నాలుగు మూలలా మేకులు దిగ్గొట్టి మళ్లీ తిప్పి చూడండి. మేకులు ఊడతాయి, లేదా బీరువా తలుపు పట్టేస్తుంది, అదీ కాకపోతే నిచ్చెనే చిట్లుతుంది. లారీ ఛాసీ అచ్చం ఆ నిచ్చెనే. ఇంటిల్లిపాదీ కలిసి రోడ్డు లేని చోట్లకు వెళ్లాలని దాని మీద కట్టుకునే గది ఆ బీరువా. సొంతంగా క్యాంపర్ ట్రక్కు కట్టుకునేవాళ్లు ఏళ్ల తరబడి వాదించుకునే సంగతులు చాలా ఉన్నాయి: ఏ బండి కొనాలి, గది ఎంత పొడుగు, లిథియం బ్యాటరీయా మామూలుదా, గ్యాసా డీజిలా. డబ్బు ఎక్కువగా వీటి మీదే పోతుంది. బండి చెడేది మాత్రం చాలాసార్లు గదికీ ఛాసీకీ మధ్య అతుకు దగ్గర.

మనకు క్యారవాన్ అంటే షూటింగు దగ్గర హీరో కూర్చునే ఏసీ బస్సు. అందుకే ఆ మాట వినగానే విలాసం తలపుకొస్తుంది. నిజానికి బండిలో కాపురం మనకు కొత్తేమీ కాదు. మేడారం జాతరకు గూడుబండ్లు కట్టుకుపోయిన కుటుంబాలు బండి పక్కన వండుకుని, బండిలోనూ బండి కిందా పడుకునేవి. లారీ డ్రైవర్ల స్టవ్వు, బియ్యం సంచి, ఛాసీ పక్కన వేలాడే నీళ్ల డ్రమ్ము చూడనివాళ్లెవరు? 1982లో ఎన్.టి. రామారావు పాత షెవ్రోలే వ్యానును చైతన్యరథంగా మార్పించి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. తిండీ నిద్రా చాలావరకు అందులోనే, స్నానం దారి పక్కనే. ప్రచారం సంగతి అటుంచితే, తెలుగువాళ్లందరికీ తెలిసిన సొంత డిజైను క్యాంపరు అదే.

ఈ విద్యను శాస్త్రంలా పెంచింది మాత్రం జర్మన్లు. అరిస్ట్ డెత్లెఫ్స్ కుటుంబానిది చెర్నాకోలలు తయారుచేసే వ్యాపారం. సరుకు అమ్మడానికి ఆయన వారాల తరబడి ఊళ్లు తిరిగేవాడు. పెళ్లాడబోయే అమ్మాయి చిత్రకారిణి. ప్రయాణాల్లో తానూ వెంట ఉండాలని, బొమ్మలు వేసుకునేందుకు చోటూ కావాలని కోరింది. 1931లో ఆయన కారు వెనక లాక్కెళ్లే చిన్న గది ఒకటి కట్టాడు. జర్మనీలో తొలి క్యారవాన్‌గా చెప్పుకునేది దాన్నే. సాహసయాత్రల మోజు తరవాత వచ్చింది. మొదట్లో ఉన్నది ఇంటివాళ్ల మీద బెంగ.

రోడ్డు దిగి వెళ్లే బండి కథ మొదలైందీ పొలంలోనే. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక ఆల్బర్ట్ ఫ్రీడ్రిష్ అనే ఇంజనీరు రైతుల కోసం యూనిమోగ్‌ను రూపొందించాడు. కుడి ఎడమ చక్రాల మధ్య ఎడం 1,270 మిల్లీమీటర్లు పెట్టాడు, రెండు బంగాళాదుంప సాళ్లకు సరిపోయేలా. 1951లో అది మెర్సిడెస్ చేతికి వచ్చింది. దాని ఇరుసు చక్రం నడిమధ్యకు రాదు. కాస్త పైనే ఉండి, చక్రం దగ్గర గేర్ల ద్వారా కిందికి దిగుతుంది. అందువల్ల బండి పొట్ట ఎత్తుగా ఉండి రాళ్లకు తగలదు. దుంపలు నలగకుండా చేసిన ఏర్పాటు తరవాత సహారా దాటేవాళ్లకు అక్కరకొచ్చింది.

ప్రచ్ఛన్నయుద్ధం ముగిశాక ఐరోపా సైన్యాలు లారీలను వదిలించుకోవడం మొదలుపెట్టాయి. మ్యాన్ క్యాట్1, మెర్సిడెస్ 1017, గాలితోనే చల్లబడే ఇంజన్లున్న మాగిరస్ డాయిట్జ్, ఆస్ట్రియావాళ్ల స్టైర్ 12ఎం18 ఇలా మార్కెట్లోకి వచ్చినవే. అమెరికా సైన్యం ఎల్ఎంటీవీ లారీకి మూలం ఆ స్టైరే. మెర్సిడెస్ నంబర్ల గుట్టు మన లారీలు చూసినవాళ్లకు ఇట్టే తెలుస్తుంది. మొదటి అంకెలు బరువు తరగతి టన్నుల్లో, చివరి అంకెలు పదో వంతుకు కుదించిన హార్స్‌పవర్. 1017 అంటే 10 టన్నులు, 170 హార్స్‌పవర్. 1954లో టాటావాళ్లు డైమ్లర్ బెంజ్‌తో చేతులు కలిపినప్పుడు ఈ లెక్క కూడా జంషెడ్‌పూర్ చేరింది. హైవే మీద 1613, 2515 అని రాసుకున్న లారీలన్నీ ఆ బడిలో చదువుకున్నవే. జబల్‌పూర్‌లో తయారైన సైన్యం శక్తిమాన్ లారీ కూడా మ్యాన్ డిజైనే.

పిల్లలున్నవాళ్లు వెతకాల్సింది మాత్రం సైన్యం లారీ కన్నా పాత ఫైరింజన్‌. జర్మనీలో చిన్న ఊళ్ల అగ్నిమాపక బండ్లు ముప్పై ఏళ్లపాటు షెడ్డులో మెరుస్తూ ఉండి, ఏ పది ఇరవై వేల కిలోమీటర్లో తిరిగి అమ్మకానికి వస్తాయి. వాటికి రెండు వరసల క్యాబిన్ ఉంటుంది. సిబ్బంది కోసం చేసిన ఆ వెనక సీట్లే పిల్లలకు కావలసింది. లోపాలూ ఉన్నాయి: ఊళ్లో పరుగెత్తడానికి పెట్టిన గేర్లు కనుక వేగం గంటకు 80 దాటితే ఇంజను గోల పెడుతుంది. టైర్లు అరక్కపోయినా వయసు మీరి బీటలు వారి ఉంటాయి. ఈ తోవ మనకు దాదాపు మూసుకుపోయింది. 2023 ఏప్రిల్ నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించడం లేదు, తుక్కుకే పంపాలి. జర్మనీలో 30 ఏళ్లు దాటిన బండి మంచి స్థితిలో ఉంటే చారిత్రక వాహనమని ప్రత్యేక నంబరిచ్చి పన్ను తగ్గిస్తారు. అక్కడ పింఛను, ఇక్కడ పాడె.

ఇక అతుకు సంగతి. లారీ ఛాసీ రెండు పొడుగాటి సీ ఆకారపు ఉక్కు దూలాలు, వాటి మధ్య అడ్డకమ్ములు. అది మెలి తిరగడం లోపం కాదు, అలా తిరగాలనే చేస్తారు. గతుకులో నాలుగు చక్రాలూ నేలను అంటిపెట్టుకోవడంలో కమాన్ కట్టలది సగం పని, ఛాసీది సగం. దాని మీద ఫైబర్ గోడలతో గట్టి పెట్టె బిగిస్తే గెలిచేది పెట్టె కాదు. మొదటి వాగు దాటగానే తలుపు ఒరుసుకోవడం మొదలవుతుంది. రెండో యాత్రలో కిటికీ మూల నుంచి సన్నని గీత బయల్దేరుతుంది. మూడో దానికి గోడల జిగురు విడిపోయి వాననీరు లోపలికి దిగుతుంది. అప్పటికీ తప్పు జిగురుదే అనుకుని కొత్త డబ్బా కొనేవాళ్లు ఉన్నారు.

దీనికి లోకంలో మూడు నాలుగు విరుగుళ్లు నలిగాయి. ఒకటి ముక్కాలిపీట పద్ధతి: గదికి ఉక్కు చట్రం వేసి, రెండు చోట్ల గట్టిగా, మూడో చోట మధ్యలో తిరిగే కీలు మీద కూర్చోబెడతారు. మూడు కాళ్ల పీట ఎగుడుదిగుడు నేల మీదైనా కుదురుగా నిలుస్తుంది కదా. యూనిమోగ్ మీద ఎక్కువగా కనిపించేది ఇదే. తంటా ఏమిటంటే బరువంతా మూడు చోట్లే పడుతుంది, అక్కడ ఛాసీ పగలకుండా చూసుకోవాలి. రెండోది గాలిపటం ఆకారం: ముందు మధ్యలో ఒక కీలు, వెనక మధ్యలో ఒకటి, అటూ ఇటూ నడుమున రెండు ఆధారాలు. మూడోది ఆస్ట్రేలియాలో మిత్సుబిషి ఫ్యూసో, ఇసుజు చిన్న లారీల మీద బాగా నడిచిన స్ప్రింగు పద్ధతి. గది చట్రం మామూలుగా ఛాసీ దూలాల మీద నిడివంతా ఆని ఉంటుంది, మెలిక వచ్చినప్పుడు ముందు వైపు స్ప్రింగులు కుదించుకుని దాన్ని కాస్త పైకి లేవనిస్తాయి. బరువు పరుచుకోవడం దీని సుగుణం. మెలిక మరీ ఎక్కువైతే చాలదు. క్యాట్1 లారీది వీటన్నిటికీ ఎదురు దారి. దాని ఛాసీయే మెలిపడని పెట్టె దూలం, ఒదుగంతా కాయిల్ స్ప్రింగులదే. అందుకే దాని మీద గదిని నేరుగా బిగించేస్తారు.

నాకు ముచ్చటేసేది మన పాత లారీ బాడీ. ఛాసీకీ బాడీకీ మధ్య పొడుగాటి చెక్క దిమ్మ, దాన్ని పట్టి ఉంచే యూ బోల్టులు, పైన పలకలు. ఛాసీకి చిల్లు లేదు, వెల్డింగు లేదు. మెలిక వస్తే చెక్క ఇస్తుంది, పలకలు కిర్రుమంటాయి, మళ్లీ సర్దుకుంటాయి. విజయవాడ ఆటోనగర్లో బాడీ కట్టే వడ్రంగులకు ఈ సంగతి చేతి అలవాటు. సరుకు మోసే బాడీ నాలుగు వేళ్ల సందులిచ్చినా ఫర్వాలేదు. వాన, దుమ్ము రాకూడని పడకగదికి ఆ ఉపాయం సరిపోదు. అయినా ఛాసీ దూలం పై రెక్కకూ కింది రెక్కకూ చిల్లు పొడవకూడదు, వెల్డింగు మంట తగలనీయకూడదు అనే కంపెనీల సూత్రాన్ని యూ బోల్టు ఎంత తేలిగ్గా పాటించిందో చూడండి.

తరవాతి మాట కాటా. ఏడున్నర టన్నుల హద్దు చిత్రంగా రెండు దేశాల్లోనూ ఎదురవుతుంది. జర్మనీలో సీ1 లైసెన్సు అంతవరకే; మన దగ్గర లైట్ మోటార్ వెహికల్ లైసెన్సుతో 7,500 కిలోల లోపు రవాణా వాహనమూ నడపవచ్చని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కాబట్టి లెక్క 7,500 దగ్గర మొదలుపెట్టి వెనక్కి రావాలి. ఉజ్జాయింపుగా నలుగురి కుటుంబానికి: ఫోర్ బై ఫోర్ లారీ క్యాబిన్‌తో 4,700 కిలోలు. ఖాళీ గది, దాని చట్రం 950. మంచాలు, అరలు, వంటగట్టు 450. నీళ్లు 250 లీటర్లు, అంటే అన్నే కిలోలు. 300 లీటర్ల డీజిలు 250. మనుషులు 220. అదనపు చక్రం 130. బ్యాటరీలు, సోలారు, ఫ్రిజ్, హీటరు 150. బట్టలు, తిండి, పనిముట్లు, పిల్లల సైకిళ్లు 350. మొత్తం 7,450. మిగిలింది 50 కిలోలు. అందులో ఆవకాయ జాడీ, అమ్మమ్మ రెండు వారాలకు వెంట వస్తే ఆవిడా సర్దుకోవాలి.

ఈ లెక్క కాగితం మీద ఎవరికైనా కుదురుతుంది. కట్టేటప్పుడు ఒక్కో ప్లైవుడ్ మందం ఎంచుకున్నప్పుడల్లా నాలుగేసి కిలోలు జారిపోతాయి. అనుభవజ్ఞులు పని సగంలో ఉండగానే కాటాకు తీసుకెళ్తారు, ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూస్తారు. వెనక గోడకు బైకు వేలాడదీస్తే దాని బరువు వెనక ఇరుసు మీద పడటమే కాదు, ముందు ఇరుసును ఎత్తేస్తుంది కూడా, ఏతం తొక్కినట్టు. స్టీరింగు తేలికైందని సంబరపడేది అప్పుడే. అదనపు చక్రానిదీ ఇలాంటి గొడవే. వంద కిలోలు దాటిన దాన్ని ఎత్తడానికి చిన్న కప్పీ, చేతి వించి లేకపోతే, నడిపే మనిషికి జ్వరం వచ్చిన రోజు బండి అక్కడే ఉంటుంది. ఇంట్లో ఇంకో పెద్ద మనిషి ఒంటిచేత్తో మార్చగలగాలి. నా దృష్టిలో కుటుంబ బండికి ఇది మొదటి పరీక్ష.

గది గోడల విషయంలో కోల్డ్ స్టోరేజీలకు వాడే పఫ్ ప్యానెల్ లాంటిదే అందరూ కోరేది, కాకపోతే ఇనుప రేకు బదులు ఫైబర్ రేకుతో, 40 నుంచి 60 మిల్లీమీటర్ల మందాన. చలి కన్నా పెద్ద శత్రువు చెమ్మ. నిద్రపోతున్న నలుగురు ఒక రాత్రిలో వదిలే ఆవిరి లీటరు పైమాటే. అది గదిలో చల్లని చోటు వెతుక్కుని నీరై దిగుతుంది. అల్యూమినియం నురగ కన్నా వేల రెట్లు ఎక్కువగా వేడిని పోనిస్తుంది కనుక, లోపలి నుంచి బయటికి తగిలే ఒక్క లోహపు కమ్మీ ఉన్నా దాని పొడుగునా పొద్దునకల్లా చుక్కలే. సైన్యం అమ్మేసిన రేడియో గదులు చౌకగా దొరికినా, గట్టిగా ఉన్నా, ఈ జబ్బు వాటికి పుట్టుకతోనే ఉంటుంది. పరుపు కింద గాలి ఆడే చెక్క పట్టీలు లేకపోతే నెలలో బూజు. రాత్రి పైకప్పు గవాక్షం కాస్త తెరిచి ఉంచడం ఖరీదైన హీటరు కన్నా మేలు చేస్తుంది. లద్దాఖ్ చలిలో ఈ మాట పిల్లలకు నచ్చజెప్పడం వేరే విద్య.

కరెంటు దగ్గర ఎక్కువ ఆగక్కరలేదు, ఇంట్లో ఇన్వర్టర్ ఉన్న ప్రతివాళ్లకూ సగం తెలుసు. దక్కను ఎండలో 400 వాట్ల పలక రోజుకు ఒకటిన్నర నుంచి రెండు యూనిట్లు ఇస్తుంది. ఫ్రిజ్ సగం నుంచి ఒక యూనిట్ తింటుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ సీసం బ్యాటరీలో సగం బరువు కూడా ఉండదు, నిలవలో దాదాపు అంతా వాడుకోవచ్చు. గడ్డకట్టే చలిలో మాత్రం దానికి ఛార్జింగు పెట్టకూడదు. గ్యాసుకు ఒక్కటే సూత్రం: అది గాలి కన్నా బరువు, నేల మీద పేరుకుంటుంది. సిలిండరు ఉన్న అర గదితో సంబంధం లేకుండా మూసి, అడుగున బయటికి కంత ఉండాలి. వంటింటి ఎర్ర సిలిండరును మంచం కింద దోపడం ఆత్మహత్యతో సమానం.

పిల్లలు ఎక్కడ పడుకుంటారన్నది అందరూ ఆలోచిస్తారు, బండి కదులుతున్నప్పుడు ఎక్కడ కూర్చుంటారన్నది చాలామంది చివరికి వదిలేస్తారు. వెనక గదిలో సోఫా మీద కూర్చోబెట్టి తీసుకెళ్లడం చూడముచ్చటగా ఉంటుంది, బ్రేకు పడేదాకా. ముందుకు తిరిగిన సీటు, ఛాసీకి అందే పట్టు ఉన్న బెల్టు, తల్లిదండ్రుల చెవికి అందే దూరం, ఈ మూడూ రెండు వరసల క్యాబిన్‌లోనే తేలిగ్గా కుదురుతాయి. గదిలో కూర్చోబెట్టక తప్పకపోతే క్యాబిన్‌కూ గదికీ మధ్య దారి ఉండాలి. ఆ రెండూ వేరువేరుగా మెలిపడతాయి కనుక మధ్యలో రబ్బరు ముడతల గొట్టం కావాలి, జంట పెట్టెల బస్సుకు నడుమ ఉన్నట్టు. అతుకు తగువు మళ్లీ ఇక్కడ తేలుతుంది. మంచం మాటకొస్తే, గది లోపలి వెడల్పు రెండు మీటర్లు దాటితే అడ్డంగా పడుకోవచ్చు, పొడుగులో చోటు మిగులుతుంది. అంటే లారీ వెడల్పును నిర్ణయించేది ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషి.

పెద్ద లారీ ఉంటేనే కుటుంబం ప్రయాణించగలదా? ఒప్పుకోని సాక్షులు గట్టివాళ్లే. జర్మన్ దంపతులు గుంథర్, క్రిస్టీన్ హోల్టోర్ఫ్‌లు ఓటో అని పిలుచుకున్న మెర్సిడెస్ జీ వ్యాగన్‌లో పరుపేసుకుని లోకం తిరిగారు. 2010లో క్రిస్టీన్ పోయాక గుంథర్ యాత్ర సాగించి 2014లో ముగించేసరికి మొత్తం దాదాపు 9 లక్షల కిలోమీటర్లు. ఆ బండి ఇప్పుడు కంపెనీ మ్యూజియంలో ఉంది. అర్జెంటీనాకు చెందిన హెర్మన్, కాండెలారియా జాప్‌లు 2000 జనవరిలో 1928 నాటి గ్రాహం పేజ్ కారులో బయల్దేరారు. 2022లో ఇల్లు చేరేసరికి నలుగురు పిల్లలు. ప్రతి కాన్పుకూ కారు మారలేదు, అదే కారును కాస్త పొడిగించుకున్నారు. ఈ రెండు కథలు విని లారీ ఆలోచన మానుకోమని నేననను. వాన పట్టిన మూడో రోజు నలుగురు ఒకే పరుపు మీద కూర్చుని లూడో ఆడటానికి ఓర్పు కావాలి, అది అందరికీ ఉండదు. కానీ పెద్ద లారీ ఎక్కలేని ఘాటు, దాటలేని చెక్క వంతెన, తగిలే చెట్టుకొమ్మ చాలా ఉంటాయి. గది పెరిగేకొద్దీ చేరగలిగిన చోట్లు తగ్గుతాయి.

మన దేశంలో ఇల్లా లారీనా అన్న తగువు ఆర్సీ కాగితం మీద మళ్లీ లేస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకూ రిజిస్ట్రేషన్‌లో ఉన్నదానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా ఖాయం చేసింది. మోటార్ క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. కూర్చునే చోటు, బల్ల, పడక, వంట ఏర్పాటు, సామాను అరలు ఉండాలని చెబుతుంది. అయితే అది పరీక్షా సంస్థ ఆమోదం పొంది వరసగా తయారుచేసే సంస్థలకు అనువైన దారి. పెరట్లో ఒక్క బండి కట్టుకునే మనిషికి ఆ పరీక్షల ఖర్చు బండి ఖర్చుతో పోటీ పడుతుంది. కాబట్టి ఇక్కడ తెలివైన పని, ఆమోదం ఉన్న బాడీ బిల్డరు చేత గది కట్టించి లోపలి పని సొంతంగా చేసుకోవడం.

ఇంకొందరు పికప్ తొట్టిలో దించి ఎత్తుకునే గదిని ఎంచుకుంటారు. అది సామాను లాంటిది, అందులో ఎవరూ ప్రయాణించరు, ఇంటికి రాగానే దించేస్తారన్నది వాదన. ఆర్టీవో ఆఫీసులో ఆ వాదన నెగ్గుతుందా అన్నది ముందే అడిగి తెలుసుకోవాలి. మన శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వి-క్రాస్ ఫోర్ బై ఫోర్ ఇందుకు సహజంగా గుర్తొచ్చే బండి. అయిదు సీట్లు, సొంత వాహనంగా రిజిస్ట్రేషన్. కొనేముందు అది మోయగల బరువెంతో కాగితంలో చూడాలి. సరుకు రవాణా పికప్ మోయగలిగినంత దీనికి రాయరు. నలుగురు ఎక్కి కూర్చున్నాక మిగిలేది గదికి చాలకపోవచ్చు. అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు.

ఇనుము కోయకముందు ఖర్చులేని పని ఒకటుంది. డాబా మీద సుద్దముక్కతో గదిని అసలు కొలతలకు గీయండి: గోడలు, మంచం, వంటగట్టు, తలుపు తెరుచుకునే వంపు. శని ఆదివారాలు ఇంటిల్లిపాదీ ఆ గీతల్లోనే ఉండండి. అన్నం వండుకుని, పిల్లలకు బట్టలు మార్చి, రాత్రి పడుకుని, మధ్యలో ఒకరు లేచి మరొకరిని తొక్కకుండా బయటికి వెళ్లి రండి. ఆదివారం సాయంత్రానికి వంటగట్టు ఒక జాన కురచవుతుంది, పిల్లల సీటు అంత వెడల్పవుతుంది. నాన్న పనిముట్ల పెట్టె గీత బయటికి పోతుంది. ఆ రెండో గీతల కొలతలు రాసుకుని అప్పుడు ఆటోనగర్ వెళ్లండి.